రెండు పీరియడ్లు, ఒక రఫ్ నోట్సు

గోదావరి డెల్టాలోని ఇంటర్నేషనల్ స్కూళ్ల కరస్పాండెంట్లకు, డైరెక్టర్లకు, ప్రిన్సిపాళ్లకు,

నమస్కారం.

మీలో ఒకరి స్కూల్లో నేను హైస్కూల్ తరగతులకు ఇంగ్లీషు చెబుతున్నాను. ఏ స్కూలో చెప్పను. చెబితే ఇది ఒక యాజమాన్యానికీ ఒక ఉద్యోగికీ మధ్య తగువైపోతుంది. నేను చెప్పబోయేది తణుకు, భీమవరం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం రోడ్ల పక్కన, చేల మధ్యలో పెద్ద పెద్ద గేట్లతో లేచిన ప్రతి స్కూలుకీ ఎంతో కొంత వర్తిస్తుంది. స్టాఫ్ మీటింగుల్లో ఈ మాట ఎత్తితే "చూద్దాం మేడం" అంటారు. ఏళ్లు గడిచినా అది "చూద్దాం" దగ్గరే ఆగిపోయింది కాబట్టి నలుగురిలో పెడుతున్నాను.

అడిగేది పెద్దదేం కాదు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు వారంలో వచ్చే ఇంగ్లీషు పీరియడ్లలో రెండింటిని పిల్లలు సొంతంగా రాసుకోవడానికి వదిలేయండి. అందుకు వాళ్ల దగ్గర ఒక రఫ్ నోట్సు ఉండనివ్వండి. అందులో తప్పులున్నాయని చింపించకండి. ఆ రెండు పీరియడ్లలో తెలుగు మాట వినబడితే ఫైన్ వేయకండి. అసలు ఫైనే తీసేస్తే మరీ సంతోషం.

ముందు ఫెయిర్ నోట్సు సంగతి. దాని గురించి మీకు తెలుసు, కానీ క్లాసు గుమ్మం లోపలి నుంచి చూస్తే ఎలా ఉంటుందో చెప్పాలి. పాఠం అయిపోతుంది. ప్రశ్నలకు జవాబులు అప్పటికే పీడీఎఫ్‌లో సిద్ధంగా ఉంటాయి, కోఆర్డినేటర్ ఓకే చేసినవి. నేను వాటిని బోర్డు మీద రాస్తాను, పిల్లలు దించుకుంటారు. ఎడమ పక్కన మార్జిన్, పైన తేదీ, హెడ్డింగు కింద స్కేలు పెట్టి నీలం గీత. సెక్షన్‌లో ఎంతమంది ఉంటే అన్ని పుస్తకాల్లో అదే జవాబు, అవే కామాలు. బోర్డు మీద నేను ఒక అక్షరం తప్పు రాస్తే ఆ తప్పు కూడా అందరి పుస్తకాల్లోకీ వెళ్తుంది. తర్వాత ఆ కట్టలన్నీ స్టాఫ్ రూముకు వస్తాయి. వాటిని నేను దిద్దుతున్నానని అందరూ అనుకుంటారు. నేను చేసేది టిక్కులు పెట్టి సంతకం చేయడం. పేరెంట్స్ మీటింగ్ రోజు నాన్నగారు ఆ పుస్తకం తిరగేసి, ముత్యాల్లాంటి అక్షరాలు చూసి మురిసిపోతారు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లూ మురిసిపోతారు. ఆ పుస్తకంలో వాళ్లబ్బాయి సొంతంగా రాసిన వాక్యం ఒక్కటైనా ఉందా అని ఇంతవరకు ఏ తండ్రీ నన్ను అడగలేదు.

ఒకసారి తొమ్మిదో తరగతి వాళ్లకు సబ్‌స్టిట్యూషన్ పడింది. పాఠం చెప్పాల్సిన పని లేదు. రాత్రిపూట మీ ఇంట్లో ఏం జరుగుతుందో పది లైన్లు రాయండి, స్పెల్లింగు తప్పులకు మార్కులు తీయను అన్నాను. ఉండి వైపు నుంచి బస్సులో వచ్చే ఒక కుర్రాడు, క్లాసులో నోరు మెదపనివాడు, ఇలా రాశాడు: "మై ఫాదర్ ఈజ్ నాట్ స్లీపింగ్ ఇన్ నైట్ బికాజ్ ఏరేటర్ స్టాప్ మీన్స్ ష్రింప్ డై."

ఆ వాక్యంలో వ్యాకరణం తప్పులు ఎన్నున్నాయో నాకంటే ముందు మీరే పట్టుకుంటారు. కానీ రొయ్యల చెరువున్న ఇంట్లో రాత్రి ఎలా గడుస్తుందో అందులో పూర్తిగా ఉంది. కరెంటు పోతే చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగుతాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి పంటంతా చచ్చిపోతుంది. నేను దాని కింద ఎర్ర సిరాతో, అప్పుడు మీ నాన్నగారు ఏం చేస్తారు అని ఇంగ్లీషులో రాసి ఇచ్చాను. మర్నాడు వాడు అరపేజీ రాసుకొచ్చాడు. జనరేటర్ స్టార్టవకపోతే బాబాయికి ఫోను, చీకట్లో ఆక్సిజన్ బిళ్లలు చల్లడం, పొద్దున్నే చెక్ ట్రే పైకి లాగి రొయ్యలు మేత తిన్నాయా లేదా చూడడం. "ఇఫ్" ఎక్కడ పెట్టాలో, "వెన్" ఎక్కడ పెట్టాలో వాడికి ఆ రోజు అవసరపడింది కాబట్టి అడిగి తెలుసుకున్నాడు. కండిషనల్ క్లాజులు అంతకుముందు నేను బోర్డు మీద చెప్పి ఉన్నాను. అప్పుడు ఎక్కలేదు.

ఆ వారమే నోట్సుల చెకింగ్ జరిగింది. ఆ పేజీ నిండా ఎర్ర గీతలు. "పేరెంట్ చూస్తే ఏమనుకుంటారు మేడం, టీచర్ ఏం చెప్పట్లేదనుకోరూ?" అన్నారు చెకింగ్‌కు వచ్చినవారు. పేజీ చింపించారు. దాని స్థానంలో గైడులోంచి హిల్ స్టేషన్ విహారయాత్ర వ్యాసం దించారు. వాడు కొండంటూ చూసింది ద్వారకాతిరుమల గుట్ట ఒక్కటే. మంచు గురించి, పైన్ చెట్ల గురించి ఒక్క తప్పు లేకుండా పేజీన్నర రాశాడు, దానికి నేను గుడ్ అని పెట్టాను.

చెకింగ్‌కు వచ్చినవారి మీద నాకు కోపం లేదు. ఆవిడ భయం నిజమైనదే. ఫీజు కట్టిన తల్లిదండ్రులకు ఎర్ర సిరా కనబడితే స్కూలు ఫెయిలైందనే అనిపిస్తుంది. ఎర్ర సిరా అంటే ఎవరో తమ పిల్లవాడి రాతను కూర్చుని చదివారని అర్థమని మనమే వాళ్లకు ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు ఫైన్ సంగతి. కొన్నిచోట్ల పది రూపాయలు, కొన్నిచోట్ల చాక్లెట్లు తెచ్చి పంచడం, కొన్నిచోట్ల పేరు బోర్డు మీద రాయడం. పద్ధతి ఏదైనా, క్లాస్ లీడర్ చేతిలో చిన్న పుస్తకం ఉంటుంది, తెలుగులో మాట్లాడినవాళ్ల పేర్లు అందులోకి ఎక్కుతాయి. 2009లో కడప జిల్లా మైదుకూరులో తెలుగు మాట్లాడిన పిల్లల మెళ్లో "నేనెప్పుడూ తెలుగులో మాట్లాడను" అని పలకలు వేలాడదీస్తే దేశమంతా గగ్గోలు పుట్టింది. మన స్కూళ్లలో పలకలు లేవు, నిజమే. పుస్తకం ఉంది. విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించిందని మీ ఆఫీసు గదిలో ఫైళ్లలో ఎక్కడో ఉండే ఉంటుంది.

చట్టం మాట అలా ఉంచండి. పదో తరగతి ఇంగ్లీషు పుస్తకం మొదట్లో ఒక కథ ఉంది కదా. వడగళ్ల వానకు మొక్కజొన్న చేను నాశనమైతే ఒక రైతు డబ్బు పంపమని దేవుడికి ఉత్తరం రాస్తాడు. పోస్టాఫీసువాళ్లు ఆ ఉత్తరం చదివి జాలిపడి చందాలు వేసుకుని డబ్బు పంపుతారు. అడిగినదానికంటే తక్కువొచ్చిందని, మిగతాది పోస్టాఫీసువాళ్లే కాజేశారని ఆ రైతు అనుకుంటాడు. కథలోని వ్యంగ్యాన్ని వివరించండి అనే ప్రశ్నకు 120 పదాల జవాబు మన పీడీఎఫ్‌లో ఉంది. చాలా అందమైన జవాబు.

ఆ పాఠం చెబుతుంటే గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామం నుంచి వచ్చే అమ్మాయి ఒకతె చెయ్యెత్తింది. "మేడం, దేవుడికెందుకండీ? తహసీల్దారుగారికి రాయొచ్చు కదండీ?"

క్లాసంతా నవ్వారు. లీడర్ పుస్తకం తీశాడు, పేరు రాసుకున్నాడు. ప్రశ్న తెలుగులో అడిగింది కదా.

నేను ఆ సెక్షన్‌లో విన్న అతి తెలివైన ప్రశ్న అది. 2022 జూలైలో గోదావరి పొంగి ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఆ పిల్ల చిన్న తరగతిలో ఉండి ఉంటుంది. వాళ్ల ఊరు నీళ్లలో ఉంది. మేడ ఉన్నవాళ్లింట్లో ఊరంతా తలదాచుకోవడం, పడవలో బియ్యం, పాల ప్యాకెట్లు రావడం, పంట నష్టం జాబితాలో పేరుందా లేదా అని నాన్న రెవెన్యూ ఆఫీసు చుట్టూ తిరగడం ఆ పిల్ల చూసింది. పంట పోతే ఉత్తరం ఎవరికి రాయాలో ఆ ఇంటికి తెలుసు. ఆ రైతుకు తెలియలేదే, అతనికి దేవుడు తప్ప దిక్కు లేదే అన్నది ఆమెకు తట్టింది. కథలో ఉన్నదంతా అదే కదా. పీడీఎఫ్ జవాబులో ఆ సంగతి లేదు.

ఫైన్ భయం ఉన్న క్లాసులో ఆ ప్రశ్న మళ్లీ రాదు. అమ్మాయి రెండోసారి చెయ్యెత్తదు. ఇది నేను ఊహించి చెప్పట్లేదు, ఆ తర్వాత చాలా వారాలు ఆమె చెయ్యెత్తలేదు. తప్పుగా ఇంగ్లీషు మాట్లాడితే తోటివాళ్లు నవ్వుతారు, తెలుగు మాట్లాడితే పేరు రాస్తారు. మిగిలింది నోరు మూసుకోవడం. మన ఇంగ్లీషు ఓన్లీ జోన్లలో నిజంగా ఎక్కువ వినబడేది నిశ్శబ్దమే. వాకిట్లో బస్సెక్కగానే చూడండి, గోదారి యాసలో ఒక్కసారిగా కట్ట తెగుతుంది.

నేనేమీ తెలుగు మీడియం పెట్టమని అడగట్లేదు. 2020 జాతీయ విద్యావిధానం కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమన్నది, ఆ చర్చ వేరే. నేను ఇంగ్లీషు టీచర్ని. నా ఉద్యోగం ఇంగ్లీషు రప్పించడం. ప్రశ్న తెలుగులో పుడితే దాన్ని ఇంగ్లీషులోకి నడిపించడం నాకు చేతనవును. పుట్టనే పుట్టకపోతే నేనేం చేయను?

ఆ అమ్మాయిని తర్వాత పిలిచి, సరే, నువ్వే తహసీల్దారుకు రాయి, ఇంగ్లీషులో అన్నాను. ఊరి రేవుకు వెళ్లే దారి వానాకాలం మోకాలిలోతు బురదైపోతుందని, తను యూనిఫాం చెప్పులు సంచిలో పెట్టుకుని అవతలి ఒడ్డున వేసుకుంటానని రాసింది. పంపినవారి చిరునామా, తేదీ, విషయం, అన్నీ వాటి చోట్లలో ఉన్నాయి. సీబీఎస్ఈ పరీక్షలో అడిగే ఫార్మల్ లెటర్ అదే. ఆ పిల్లకు ఆ ఫార్మాటు నేను మళ్లీ చెప్పాల్సిన పని రాలేదు.

ఇంగ్లీషు బాగా రావాలంటే తెలుగు నోరు కట్టేయాలన్న ఆలోచన మన నేలకు పాతది కూడా కాదు. రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీకి 1909 నుంచి 1919 దాకా ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే అచ్చమైన ఇంగ్లీషువాడు. ఆయన చేరదీసిన కుర్రాళ్లు ఎవరో మీకు తెలుసు. దామెర్ల రామారావు బొమ్మలు వేశాడు, అడివి బాపిరాజు బొమ్మలూ వేశాడు, తెలుగులో కవిత్వమూ నవలలూ రాశాడు. వాళ్లకు కూల్డ్రే దొరగారంటే ఎంత అభిమానమో రాజమండ్రిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంగ్లీషు దొరకు లేని పట్టింపు మనకెందుకు?

మీకు మార్కులు ముఖ్యమని తెలుసు. హోర్డింగు మీద ఫొటోలు వేయాలి, వచ్చే ఏడాది అడ్మిషన్లు రావాలి. సరే, మార్కుల లెక్కలోనే మాట్లాడుకుందాం. మన దగ్గర ఇంటర్నేషనల్ అని బోర్డున్న స్కూళ్లలో ఎక్కువ భాగం లోపల సీబీఎస్ఈయే. అందులో తప్పేమీ లేదు. పదో తరగతి ఇంగ్లీషు పేపరు 80 మార్కులు: చదివి జవాబివ్వడం 20, రాయడం, వ్యాకరణం కలిపి 20, సాహిత్యం 40. ఉత్తరానికి 5, విశ్లేషణ పేరాకు 5. ఈ లెక్క చూసి, సొంతంగా రాసేది పది మార్కులకే కదా, దానికి వారానికి రెండు పీరియడ్లా అని మీ అకడమిక్ డీన్ అంటారు.

కానీ కొన్నేళ్లుగా తొమ్మిది, పది తరగతుల ప్రశ్నల్లో సగం సామర్థ్యాన్ని పరీక్షించేవి ఉండాలని బోర్డు చెబుతోంది. అంటే ఆ నలభై మార్కుల సాహిత్యంలో కూడా పీడీఎఫ్‌లో లేని ప్రశ్న వస్తుంది. ఈ పాత్ర స్థానంలో నువ్వుంటే ఏం చేస్తావు, ఈ రెండు కథల్లోని మనుషులు కలిస్తే ఏం మాట్లాడుకుంటారు, ఇలా. బట్టీ పట్టినవాడు అక్కడ పెన్ను కింద పెట్టేస్తాడు. తహసీల్దారు ప్రశ్న వేసిన పిల్ల రాస్తుంది. పైగా ఇంటర్నల్ 20 మార్కుల్లో 5 పోర్ట్‌ఫోలియోకు, అంటే పిల్లలు ఏడాదిలో చేసిన పనుల ఫైలుకు, 5 మాట్లాడడం, వినడానికి. నేనడిగే రఫ్ నోట్సే ఆ పోర్ట్‌ఫోలియో అవుతుంది. కొత్త ఫైలు అక్కర్లేదు, కొత్త రంగు కాగితాలు అక్కర్లేదు. మార్చి ముందు హడావిడిగా తేదీలు వెనక్కి వేసి ఫైళ్లు నింపే టెన్షన్ మీకూ తప్పుతుంది, నాకూ తప్పుతుంది.

కేంబ్రిడ్జి సిలబస్ పెట్టాలని ఆలోచిస్తున్నవారు మీలో కొందరున్నారని విన్నాను. వాళ్లకు ఒక మాట. కేంబ్రిడ్జి వాళ్ల పదో తరగతి స్థాయి పరీక్ష ఐజీసీఎస్ఈలో ఫస్ట్ లాంగ్వేజ్ ఇంగ్లీషుకు మనలా పాఠ్యపుస్తకం ఉండదు. చూడని వ్యాసాలు చదవాలి, సొంతంగా రాయాలి. రాత పరీక్షల్లో ఒకదానికి బదులు పిల్లలు తమ సొంత రచనల కట్టను పంపే వెసులుబాటు కూడా ఉంది. అంత ఫీజు కట్టి, అఫిలియేషన్ తెచ్చుకుని, అక్కడ కూడా బోర్డు మీద జవాబు రాసి దింపిద్దామంటే దింపడానికే ఏమీ ఉండదు.

ఇంకో సంగతి, 2026 నుంచి పదో తరగతి వాళ్లకు సీబీఎస్ఈ ఏడాదిలో రెండు బోర్డు పరీక్షలు పెట్టింది. మొదటిది ఫిబ్రవరి మధ్యలోనే. మన పిల్లలకు సంక్రాంతి అంటే ఏంటో మీకు నేను చెప్పాలా. భోగి నుంచి ముక్కనుమ దాకా భీమవరం చుట్టుపక్కల కోడిపందేల బరుల దగ్గర తప్ప పుస్తకం దగ్గర ఒక్కడూ దొరకడు. తిరిగొచ్చాక నెల కూడా ఉండదు. పదో తరగతిలో రాయడం మొదలుపెడదామంటే వేళ మించిపోతుంది. అందుకే ఎనిమిదో తరగతి నుంచి అడుగుతున్నాను.

ఆ రెండు పీరియడ్లు ఎక్కడి నుంచి వస్తాయి అంటారా? నా రోజు ఎలా పోతుందో చెబితే ఎక్కడ తీయొచ్చో మీకే తెలుస్తుంది. పొద్దున బస్ డ్యూటీ. అసెంబ్లీలో ఈరోజు సూక్తి, ఈరోజు పదం, ఈరోజు వార్త. అవి చదివే పిల్లలకు నేనే రాసిచ్చి కంఠస్థం చేయించాలి. అందరూ అదే అంటారు: ఇంగ్లీషు మేడం ఉన్నారుగా. యాన్యువల్ డే యాంకరింగ్ స్క్రిప్టు ఇంగ్లీషు మేడం, చీఫ్ గెస్టు పరిచయం ఇంగ్లీషు మేడం, పేరెంట్స్‌కు పంపే సర్క్యులర్లు ఇంగ్లీషు మేడం, కొత్త బ్రోచరు ఇంగ్లీషు మేడం. కరస్పాండెంటు గారి మేనల్లుడి అమెరికా వీసా ఉత్తరం కూడా ఒకసారి ఇంగ్లీషు మేడమే. (అది సంతోషంగానే రాశాను, అబ్బాయికి వీసా వచ్చింది.) రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో రేపటి స్లిప్ టెస్ట్ సిలబస్ ఏంటని ఒక తల్లి అడుగుతుంది. సమాధానం ఇవ్వకపోతే తెల్లారేసరికి ఆ స్క్రీన్‌షాట్ ప్రిన్సిపాల్ గారి దగ్గర ఉంటుంది.

ఇవన్నీ ఉద్యోగంలో భాగమే అనుకుంటాను. రెండు మాత్రం మింగుడు పడవు.

ఒకటి ఫీజు ఫోన్లు. పొద్దున పది గంటలకు ఏ కుర్రాణ్ణి మీ ఇంటి రాత్రి గురించి రాయమంటానో, సాయంత్రం నాలుగింటికి వాడి తండ్రికే ఫోన్ చేసి టర్మ్ ఫీజు బాకీ గుర్తు చేయాలి. "పట్టుబడి అవ్వగానే కట్టేత్తానండి మేడంగారూ, కాస్త ఆగండి" అంటారు వాళ్లు, చెరువులో రొయ్యలు పట్టి అమ్మాక అని. ఎంత మర్యాదగా అంటారో. 2025 ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు రొయ్యల కౌంటు ధరలు (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్కన కట్టేవి) ఎటు పోతాయో తెలియక చెరువుల వాళ్లు బెంగపడుతుంటే, మా లిస్టులో ఫోన్ నంబర్లు మాత్రం తగ్గలేదు. మర్నాడు క్లాసులో ఆ పిల్లవాడు నా మొహం చూడడు. చూడని పిల్లవాడి చేత నేనేం రాయించగలను? ఆ పని అకౌంట్స్ వాళ్లది. వాళ్లకే ఇచ్చేయండి.

రెండోది వేసవిలో అడ్మిషన్ల ప్రచారం. ఏప్రిల్, మే ఎండల్లో మండలానికి ఇద్దరు చొప్పున పాంప్లెట్లు పట్టుకుని ఇంటింటికీ తిరగడం, తలకో టార్గెట్. ఎంఏ ఇంగ్లీషు, బీఈడీ చదివి ఊరి చివర కొబ్బరి తోటలో నిలబడి స్విమ్మింగ్ పూల్ ఉందండి, ఏసీ బస్సులండి అని చెప్పడం. ఒక ఊళ్లో పెద్దావిడ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగిచ్చి, "మీ బళ్లో ఏత్తే మా మనవడికి ఇంగ్లీషు వచ్చేత్తాదా అమ్మా?" అని అడిగింది. వచ్చేస్తుందండి అన్నాను. ఆ పాంప్లెట్‌లో ఉన్న మాటే అన్నాను.

ఆవిడ అడిగినదాన్ని మనం తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. ఇక్కడివాళ్లకు ఇంగ్లీషు డాబు కోసం కాదు. నర్సాపురం, పాలకొల్లు, రాజోలు వైపు ఎన్ని ఇళ్లలో అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపని చేస్తూ ఇక్కడ పిల్లల ఫీజు కడుతోందో మన ఫీజు రిజిస్టర్లే చెబుతాయి. ఏజెంటు ఇచ్చిన కాగితంలో ఏముందో చదివి చెప్పేవాళ్లు ఇంట్లో ఉంటే ఆ తల్లి గతి వేరుగా ఉండేది. మా క్లాసులో ఒక పిల్ల వాళ్లమ్మ ఒప్పందం కాగితం ఫొటో ఫోనులో తెచ్చి, సెలవు గురించి రాసిన లైను చూపించి అర్థం అడిగింది. అది కూడా నాకు ఇంగ్లీషు పాఠమే. వీళ్లకు ఇంగ్లీషు అక్కరకు రావాలి. ఎదుటివాడు పెట్టిన కాగితం చదవాలి, తమకు జరిగింది తామే రాయగలగాలి. హిల్ స్టేషన్ వ్యాసం దీనికి పనికిరాదు.

కేరళ నుంచో డార్జిలింగ్ నుంచో టీచర్లను తెస్తే ఇంగ్లీషు దానంతటదే వస్తుందన్న నమ్మకం మీలో కొందరికి ఉంది. నాతో పనిచేసినవాళ్లలో మంచి టీచర్లున్నారు, వాళ్ల ఉచ్చారణ నాకంటే బాగుంటుంది కూడా. కానీ వాళ్లకూ అదే పీడీఎఫ్, అదే ఫెయిర్ నోట్సు ఇస్తారు. హాస్టల్ గదిలో కూర్చుని వాళ్లూ టిక్కులే పెడతారు. మనిషి మారినా పద్ధతి మారకపోతే ఏం లాభం.

పేరెంట్స్‌ను ఎలా ఒప్పించాలి అన్నది మీ అసలు బెంగ అని తెలుసు. ఒప్పించే పని నాకు వదలండి. జూన్‌లో మొదటి మీటింగ్‌లో పది నిమిషాలు ఇస్తే చాలు. తెలుగులోనే చెబుతాను. ఈ రఫ్ నోట్సులో ఎర్ర సిరా ఉంటుంది, అది మీవాడు రాసినందుకు వచ్చిన ఎరుపు, గైడు రాస్తే రాదు అంటాను. తేదీ వేసి ఉంటుంది కాబట్టి జూన్ పేజీ, డిసెంబర్ పేజీ పక్కపక్కన తిరగేసి చూసుకోమంటాను. ఇంగ్లీషు రాని తల్లి కూడా పేజీలో ఎరుపు తగ్గిందో లేదో, లైన్లు పెరిగాయో లేదో చూడగలదు. చెరువు లెక్కలు, ధాన్యం తూకాలు చూసేవాళ్లు వీళ్లు, మనం అనుకునేంత అమాయకులేం కాదు.

దిద్దడం ఎలా అన్నది నా బాధ. సెక్షన్‌కు 40 మందిని మించొద్దని సీబీఎస్ఈ నిబంధన ఉంది, దాన్ని మీరు పాటిస్తే నేను దిద్దగలను. ప్రతి తప్పునూ దిద్దను, ఒక్కొక్కరికి ఒక్కో వారం ఒక్క రకం తప్పు మాత్రమే పట్టుకుంటాను. రొయ్యల కుర్రాడికి ముందు క్రియ సంగతి, "ది", "ఎ" తర్వాత. టీచర్లకు ఏటా 50 గంటల శిక్షణ ఉండాలని బోర్డే చెప్పింది కదా. మోటివేషనల్ స్పీకర్‌ను పిలిచే బదులు అందులో నాలుగు గంటలు మా ఇంగ్లీషు టీచర్లందరినీ ఒక గదిలో కూర్చోబెట్టండి, ఒకరి రఫ్ నోట్సులు ఒకరం చదువుకుంటాం. టీ, సమోసా ఉంటే మరీ మంచిది.

అన్ని తరగతులకూ ఒకేసారి వద్దంటే ఎనిమిదో తరగతిలో ఒక్క సెక్షన్‌తో మొదలుపెట్టండి. జూన్‌లో టైంటేబుల్ వేసేటప్పుడు ఆ రెండు పీరియడ్ల మీద సబ్‌స్టిట్యూషన్ పడదని, డ్యాన్స్ ప్రాక్టీసుకు తీసుకోరని కాగితం మీద రాసివ్వండి. నోటిమాట చాలదు, డిసెంబర్ వచ్చేసరికి యాన్యువల్ డే ఏం చేస్తుందో మనందరికీ తెలుసు. అర్ధ సంవత్సరం పరీక్షలయ్యాక ఆ సెక్షన్ పేపర్లూ పక్క సెక్షన్ పేపర్లూ తెప్పించుకుని, పేర్లు మూసేసి, మీ అకడమిక్ డీన్‌తోనే చదివించండి. తేడా లేదని ఆయన అంటే రెండో టర్మ్‌లో ఆ పీరియడ్లు వెనక్కి తీసుకోండి, నేను మాట్లాడను. తేడా ఉందంటే మిగతా సెక్షన్లకూ ఇవ్వండి, లీడర్ చేతిలోని పుస్తకం మీ బీరువాలో పెట్టి తాళం వేయండి.

ఇట్లు,
మీ స్కూళ్లలో ఒకదానిలో పనిచేస్తున్న హైస్కూల్ ఇంగ్లీషు టీచర్